వాడరేవుతో మా లెక్కలు

మిరపకాయలు అమ్ముడుపోతేనే మా ఇంట్లో సముద్రం మాట వచ్చేది. తుళ్లూరు మెట్ట మీద కాస్త పొలం ఉన్న ఇళ్లన్నిటా అంతే. సంక్రాంతి దాటాక మొదలైన కోతలు ఉగాది దాకా సాగేవి. కల్లంలో ఎండిన కాయలో తాలు ఏరి, టిక్కీలకు తొక్కి, బళ్ల మీద గుంటూరు కమీషన్ కొట్టుకు తోలేవాళ్లు. అక్కడ ధర పడి, చీటీ రాసి, డబ్బు చేతికొచ్చాక పురుగుమందుల కొట్టు బాకీ, కూలీల బాకీ, బట్టల కొట్టు బాకీ వరసగా తీరాలి. అన్నీ పోను ఇంకా నాలుగు నోట్లు మిగిలితే తాతయ్య నోట ఆ మాట వినపడేది: "ఈ ఏడు పిల్లల్ని రేవుకు తీసుకుపోవాల."

రేవంటే చీరాల పక్క వాడరేవు. కృష్ణ మాకు దగ్గరే. శివరాత్రికో, ఏకాదశికో బండి కట్టుకుని పోయి మునిగి వచ్చేవాళ్లం. ఏరు ఎప్పుడూ చూసేదే, సముద్రం అట్లా కాదు. పైగా మిరప కోతల నెలల్లో ఊరంతా ఘాటు. కళ్లు మంట, చేతులు మంట, రాత్రి పడుకున్నా తుమ్ములు. పత్తికి కొట్టిన మందు వాసన దుప్పట్లకు పట్టి వదిలేది కాదు. ఉప్పునీళ్లలో మునిగితే ఒంటి మీద మంటా దురదా పోతాయని నానమ్మ నమ్మకం. నిజానికి ఎక్కువ చేతులు మండింది కాయ కోసిన కూలి ఆడవాళ్లకు. సముద్రానికి పోయింది మాత్రం మేము. వాళ్లలో ఒకరిద్దరు మా వెంట వచ్చినా పిల్లల్ని ఎత్తుకోవడానికి వచ్చినవాళ్లే. ఆ రోజులు ఎంత బాగుండేవో అని చెప్పుకునేటప్పుడు ఈ తేడా కూడా చెప్పుకోవాలి.

మాకూ వాడరేవుకూ చుట్టరికం కలిపింది ఎండుచేపలు. తొలకరికి ముందు రేవు నుంచి ఆడవాళ్లు గంపలతో మెట్ట ఊళ్లకు వచ్చేవాళ్లు. తెల్లవారుజామున చీరాలలో రైలెక్కి, గుంటూరులో దిగి, బస్సు టాపు మీద గంపలు వేయించుకుని తాడికొండ, పెదపరిమి, తుళ్లూరు తిరిగేవాళ్లు. నెత్తళ్లు, సావళ్లు, రొయ్యపొట్టు, ఉప్పు పట్టించిన కానాగంతలు. గొర్రు తోలే రోజుల్లో కూర వండే తీరిక ఎవరికీ ఉండదు. జొన్నసంకటిలోకి నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప ఒక్కటుంటే పూట గడిచిపోయేది.

ఆ ఆడవాళ్లలో ఒకామెను మేమంతా చేపలవ్వ అనేవాళ్లం. ఆఖరి బస్సు తప్పితే మా అరుగు మీదే పడుకునేది. డబ్బు కన్నా మిరపకాయలే అడిగేది. మంచి కాయ గుంటూరు పోతుంది, మాకు తాలుకాయ చాలమ్మా అంటూ మొదలుపెట్టి, చివరికి మంచి కాయే పట్టుకుపోయేది. నానమ్మా ఆమే గంటసేపు బేరమాడేవాళ్లు. గుప్పెడు నెత్తళ్ల దగ్గర మాట పట్టింపు వచ్చి అవ్వ గంప ఎత్తుకుని గుమ్మం దాటేది. వీధి మలుపు దాకా పోయి మళ్లీ వచ్చి కూర్చునేది. "సముద్రం ఏమన్నా నువ్వు కౌలుకు తీసుకున్నావంటే?" అని నానమ్మ. "లేదులే తల్లా, దాంట్లోకి దిగేది మాత్రం నా మొగుడే" అని అవ్వ. ఇద్దరి దగ్గరా అమ్మే సరుకుంది, ఇద్దరికీ కొనే అవసరం ఉంది. అందుకే ఆ బేరంలో ఎవరూ తగ్గేవాళ్లు కాదు, ఎవరికీ చిన్నతనం ఉండేది కాదు. ఆమె ఒకసారి పోతూపోతూ, "ఊరికే నేనే రావడమేంది, మీరూ రండి ఒకసారి" అన్నదట. మా ప్రయాణాలకు ఆరంభం అదే.

నానమ్మ చిన్నప్పుడు సీతానగరం లాకుల దగ్గర పడవెక్కితే కొమ్మమూరు కాలవ మీద పెదగంజాం దాకా పోవచ్చని చెప్పుకునేవారట. అక్కడి నుంచి బకింగ్‌హాం కాలవ మద్రాసు వైపు సాగేది. ఉప్పు, సున్నం గుల్ల, ధాన్యం, మనుషులు అన్నీ ఆ నీళ్ల మీదే. నాకు ఊహ తెలిసేనాటికి మా దారి బస్సూ రైలూ. పెదపరిమి, తాడికొండ దాటి లాం దగ్గరికి రాగానే తాతయ్య కిటికీలోంచి వ్యవసాయ పరిశోధనా క్షేత్రం చూపించేవాడు. మా చేలో వేసిన జి-4 మిరప పుట్టింది అక్కడేనని ఆయనకు గొప్ప. గుంటూరు నుంచి తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల మీదుగా పాసింజరు బండి. బాపట్ల దాటాక నల్లరేగడి పూర్తిగా మాయమై ఇసుక నేలలు, తాటితోపులు, వేరుశనగ చేలు కనపడేవి. మట్టి రంగు మారిందంటే సముద్రం దగ్గరపడినట్టే. చీరాల స్టేషన్లో దిగి జట్కా మాట్లాడుకుంటే ఆరేడు కిలోమీటర్ల దారి.

మా సామానులో సగం మాది కాదు. చిన్న సంచిలో మిరపకాయలు, మూటలో జొన్నలు, కందిపప్పు, జాడీలో గోంగూర పచ్చడి, పరుపుకని ఏకిన పత్తి. అవన్నీ చేపలవ్వ ఇంటికి. అప్పట్లో రేవులో బస చేయడానికి హోటలు వెతికేవాళ్లు మాకు తెలిసినవాళ్లలో ఎవరూ లేరు. అవ్వ ఇల్లు తాటాకు ఇల్లు. గోడలు మట్టివి, ముందు ఇసుక వాకిలి, పక్కన వలలు ఆరేసే గుంజలు. మేము వచ్చామని ఆమె కొడుకులు పడవల దగ్గర పడుకునేవాళ్లు, ఇల్లు మాకు వదిలేసేవాళ్లు. తాగడానికి నీళ్లు చలమలోంచి తోడుకోవాలి. సముద్రానికి అంత దగ్గర్లో ఇసుక తవ్వితే తియ్యటి నీళ్లు ఎలా వస్తాయో మా బుర్రలకు అందేది కాదు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటి కన్నా తేలిక గనక దాని మీద తేలి ఉంటుందని, లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుందని తర్వాత బళ్లో చదువుకున్నాను. అవ్వ ఆ సంగతి ఎక్కడా చదవలేదు. చలమను ఇంకో జానెడు తవ్వబోయిన మా బాబాయిని మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది.

తెల్లవారేసరికి ఒడ్డంతా జనం. అలివి వల లాగడం మొదలయ్యేది. తెప్ప మీద వల తీసుకుపోయి సముద్రంలో పెద్ద చుట్టు తిప్పి వేస్తారు. రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడు పట్టుకుని పాతిక మందో, ముప్పై మందో వరసగా వెనక్కి నడుస్తూ లాగాలి. తాడు చివర ఉన్నవాడు వదిలేసి మళ్లీ ముందుకొచ్చి నీళ్ల దగ్గర పట్టుకుంటాడు. పాట పాడేవాడు ఒకడు, వంత పాడేవాళ్లు అందరూ. మమ్మల్నీ తాడు పట్టనిచ్చేవాళ్లు. అరచేతులు చెక్కుకుపోయేవి. వల ఒడ్డెక్కాక వలకో పాలు, తెప్పకో పాలు, లాగిన ప్రతి మనిషికీ ఇంత అని పంచేవాళ్లు. ముసలివాళ్లకీ, మగదిక్కు లేని ఇంటికీ కొంత తీసిపెట్టడం నేను చూశాను. పిల్లలమైనా తాడు పట్టాం గనక మా చేతుల్లోనూ గుప్పెడు చేపలు పడేవి. ఊరికే ఇచ్చినవి కావు, పాలు పంచి ఇచ్చినవి. ఆ గర్వంతో అవ్వ పొయ్యి దగ్గరికి పరిగెత్తేవాళ్లం.

సముద్రం దగ్గర అవ్వ మాటకు తిరుగులేదు. ఎక్కడ దిగాలో, ఎప్పుడు లేవాలో ఆమే చెప్పాలి. నీళ్లు ఒకచోట చుట్టుపక్కల కన్నా నున్నగా, అల విరగకుండా కనపడితే అక్కడ దిగొద్దనేది. లోపలికి లాగే నీళ్లు అవి. ఊరినుంచి వచ్చినవాళ్లు అల చూసి భయపడి, అల లేని చోట ధైర్యంగా దిగుతారని ఆమె నవ్వేది. ఈ రోజుకీ వాడరేవు, రామాపురం, సూర్యలంక తీరాల్లో సెలవు రోజున కుర్రాళ్లు మునిగిపోయారన్న వార్త చదివినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. కొట్టుకుపోయేవాళ్లను బయటికి లాగేవాళ్లలోనూ ఎక్కువమంది ఆ తీరంలోని పల్లెపాలేల కుర్రాళ్లే.

మధ్యలో ఒక రోజు నాన్న మమ్మల్ని వదిలి వేటపాలెం పోయేవాడు. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది. పాత పత్రికలు చదువుకుంటూ పొద్దు పుచ్చి, వచ్చేటప్పుడు జీడిపప్పు పొట్లం తెచ్చేవాడు. ఇంకో రోజు అందరం మోటుపల్లి పోయేవాళ్లం. పాడుబడిన గుళ్లు, ఇసుక దిబ్బలు తప్ప పిల్లలకు అక్కడ చూడటానికేమీ లేదు. కాకతీయుల నాటి ఓడరేవు ఇదేనని, మార్కో పోలో దీని గురించి రాశాడని నాన్న చెబుతుంటే మేము గవ్వలు ఏరుకునేవాళ్లం. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం సంగతి పెద్దయ్యాకే నాకు పట్టింది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు మొత్తం లాక్కునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన రాతి మీద చెక్కించాడు. ఒడ్డుకు చేరినవాడితో ఒడ్డు మీదివాడు ఎలా నడుచుకోవాలన్నది ఆ తీరంలో అంత పాత సంగతి.

తిరుగు ప్రయాణంలో అవ్వకు బస కింద ఇంత అని ఎవరూ లెక్కకట్టలేదు. మా మూటల్లో వచ్చింది ఆమె ఇంట్లో ఉండిపోయేది. ఆమె ఎండబెట్టిన చేప మా మూటల్లోకి ఎక్కేది. ఎక్కువతక్కువలు తొలకరి బేరంలో తేలేవి. మా వంటింటి గోడ మీద నానమ్మ బొగ్గుతో గీసిన గీతలు ఉండేవి. నిలువు గీత అవ్వ మాకు బాకీ, అడ్డగీత మేము ఆమెకు బాకీ. సున్నం వేసేటప్పుడు కూడా ఆ మూల వదిలేసేవాళ్లు.

ఆ గోడ లెక్క ఎంత దూరం పోతుందో 1977లో తెలిసింది. నవంబరు 19న వచ్చిన తుపాను దివిసీమను ఊడ్చేసింది. చీరాల, బాపట్ల తీరమంతా దెబ్బతింది. పదివేల మందికి పైగా పోయారు. మా మెట్టలో పత్తి కాయ నేలరాలింది, మిరప మొక్క పడుకుంది. మా నష్టం మాకు ఉంది. అయినా రోడ్లు తెరుచుకోగానే ఊళ్లో జొన్నలు, పాత దుప్పట్లు, గిన్నెలు పోగుచేశారు. తాతయ్య, బాబాయి లారీతో పోయి వాడరేవులో దింపి వచ్చారు. అవ్వ ఇల్లు నేలమట్టమైంది. మనుషులు మాత్రం ముందే ఊళ్లోకి పోయి బతికారు. ఆ ఏడు నానమ్మ గోడ మీద ఏ గీతా గీయలేదు. సాయానికి లెక్క రాయకూడదంది.

పదేళ్లు తిరిగేసరికి అవతలివాళ్ల వంతు వచ్చింది. సంకర పత్తి విత్తనాలు వచ్చాక 70ల్లో మా మెట్ట నాలుగు డబ్బులు చూసింది. దాంతోపాటే మందు డబ్బాలూ పెరిగాయి. 1984-85లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తినేసింది. ఎంత కొడితే దోమ అంత పెరిగింది. దాన్ని తినే పురుగుల్ని కూడా మా మందులే చంపాయని తర్వాత శాస్త్రవేత్తలు చెప్పారు. 1987లో ఈ జిల్లాల్లో పత్తి రైతులు ఆ మందే తాగి చనిపోయిన వార్తలు దేశమంతా పాకాయి. ఆ ఏళ్లలో సముద్రం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అవ్వ మాత్రం తొలకరికి వస్తూనే ఉంది. గంప దింపి, ఇంట్లో ఎవరి మొహమూ చూడకుండా, చేపలు కొలిచి పోసేది. బేరం లేదు. "కాయలు వచ్చినప్పుడు చూసుకుందాంలే" అనేది. పొద్దున్నే షావుకారు వచ్చి కూర్చునే వాకిట్లో అప్పిచ్చినవాళ్లు ఇంకెవరూ అట్లా మాట్లాడలేదు. నానమ్మ ఆ ఏళ్ల అడ్డగీతల్ని ఒక్కటీ వదలకుండా గీసింది. ఎందుకే అని అడిగితే, "ఇది సాయం కాదురా, బాకీ. తీర్చాల్సిందే" అంది. ఈ రెండిటికీ ఉన్న తేడా నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత ఆ దారి మెల్లగా పూడుకుపోయింది. 90ల్లో తీరం వెంట రొయ్యల చెరువులు లేచాయి. కొన్నాళ్లు డబ్బు పారింది, తర్వాత తెల్లమచ్చల తెగులు వచ్చింది. చెరువుల పక్క బావుల్లో ఉప్పెక్కింది. మెట్ట ఊళ్లకు మోపెడ్లూ ఆటోలూ వచ్చాయి. ఎండుచేపలు టోకు వ్యాపారుల చేతుల్లోకి పోయి సంతలకు లారీల్లో రావడం మొదలైంది. గంప నెత్తిన పెట్టుకుని వంద కిలోమీటర్లు వచ్చే మనిషి అవసరం లేకపోయింది. అవ్వ మోకాళ్లు కూడా ఒప్పుకోలేదు. నానమ్మ పోయాక ఇల్లు కట్టుకున్నాం, వంటింటి గోడ పోయింది.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. సముద్ర స్నానాలకు తీరమంతటా జనం ఉన్నారు. సునామీ ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. తెప్పలు, పడవలు, వలలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత సాయంగా వచ్చినవన్నీ దాదాపు ఫైబర్ బోట్లు. మంచివే, తేలికైనవే. ఇంజను తగిలిస్తే దూరం పోతాయి. కానీ డీజిలు కావాలి, మరమ్మతు కావాలి, దానికి ముందుగా పెట్టుబడి పెట్టే వ్యాపారి కావాలి. అతని దగ్గర డబ్బు తీసుకున్నవాడు పట్టిన చేప అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. దుంగలు కలిపి కట్టిన తెప్ప, అరవైమంది లాగిన అలివి వల క్రమంగా వెనకబడ్డాయి. పాళ్లు పంచే ఒడ్డు మీద వేలంపాట మిగిలింది.

ఇటు మా ఊరూ ఒక్కసారిగా మారిపోయింది. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. 29 గ్రామాల రైతులు ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరాకు ఏడాదికి ముప్పై వేలతో మొదలై పెరిగే కౌలు, అభివృద్ధి చేశాక ఇంత స్థలమని కాగితాలు వచ్చాయి. భూమి లేని కుటుంబాలకు నెలకు రెండున్నర వేల పింఛను అన్నారు. పత్తి తీసి, మిరప కోసి బతికిన ఆడవాళ్లు ఆ పింఛనుతో పాటు పని వెతుక్కుంటూ పల్నాడు వైపు ఆటోలెక్కారు. కల్లాలు లేవు. ఫిబ్రవరిలో ఊరి మీది నుంచి గాలి వీస్తే తుమ్ము రాదు. ఆ తర్వాత రాజధాని ఆగిపోయిన ఏళ్లు, 2019 డిసెంబరులో మొదలైన దీక్షా శిబిరాలు, 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుమలకు సాగిన పాదయాత్ర, మళ్లీ మొదలైన పనులు అందరూ ఎరిగినవే.

పేపర్లలో రాని మార్పు ఇంకొకటుంది. మా ఊరు చూడటానికి జనం రావడం మొదలైంది. వచ్చేవాళ్లు కార్లు ఆపి, కట్టడాల ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. గజం ఎంతుందని అడుగుతారు. మంచినీళ్ల సీసా కొని, తాగి అక్కడే పడేస్తారు. మా పేర్లు అడగరు. ఒకప్పుడు నా చేను ఉన్నచోట నిలబడి ఒకాయన తన పిల్లలకు, "ఇక్కడ ఇదివరకు ఏమీ లేదు, ఖాళీ నేల" అని చెబుతుంటే విన్నాను. చూడటానికి వచ్చేవాళ్ల ముందు ఊరివాళ్లు కనపడకుండా పోవడమంటే ఏమిటో ఆ రోజు ఒంటికి తెలిసింది. రేవు మళ్లీ గుర్తుకొచ్చింది కూడా ఆ తర్వాతే.

పిల్లలు విదేశం నుంచి సెలవుల్లో వచ్చినప్పుడు మే నెలలో వాడరేవు బయల్దేరాం. ఇప్పుడు దారి సులువు. చీరాల దాటితే జాతీయ రహదారి, తీరం పొడవునా రిసార్టులు. జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు ఉన్నచోట ప్రహరీలు, ఈతకొలనులు. సముద్రం పక్కనే ఈతకొలను ఎందుకని మా మనవడు అడిగితే ఎవరికీ జవాబు దొరకలేదు. భోజనంలో చేప తెప్పించుకున్నాం. రుచి తేడాగా ఉంటే వడ్డించే కుర్రాణ్ణి అడిగాను. గొంతు తగ్గించి చెప్పాడు, "ఇది చెరువు చేప సార్. భీమవరం నుంచి వచ్చుద్ది. ఇప్పుడు వేట లేదు గదా."

వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లను కదలనివ్వరు. మోటారు లేని తెప్పలకు మాత్రం మినహాయింపు ఉంది, కానీ ఇప్పుడు తెప్పలెన్ని ఉన్నాయి గనక? ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేలు చేశారు. రెండు నెలలకు, ఇల్లంతటికీ అది. బళ్లకు సెలవులిచ్చి తీరం కిటకిటలాడే నెలలు, రేవువాళ్ల చేతులు ఖాళీగా ఉండే నెలలు ఒక్కటే. సముద్రం కోసం మనం పెట్టే ఖర్చులో వాళ్ల వాటా అన్నిటికన్నా తగ్గేది సరిగ్గా మనం ఎక్కువగా పోయే రోజుల్లోనే.

సాయంత్రం అవ్వ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆమె పోయి చాలాకాలమైంది. మనవరాలు రోడ్డు పక్క పాక వేసుకుని చేపలు వేయించి అమ్ముతోంది. తుళ్లూరు అనగానే గరిటె పక్కన పెట్టేసింది. "మా అవ్వ అరుగు మీద పడుకునే ఇల్లా మీది? మిరపకాయల వాళ్లా?" అంది. మేము ఆమెకు ఇంటిపేరుతో తెలియము, మిరపకాయలతో తెలుసు. ఆ ఇంట్లో మా పేరు అట్లా మిగిలి ఉన్నందుకు సంతోషమేసింది. ఇప్పుడు తీసుకుపోవడానికి మా దగ్గర మిరపకాయలు లేవన్న సంగతి ఆ వెంటనే గుర్తొచ్చింది.

ఆమె చెప్పిన లెక్కలు తేలికగా అర్థమయ్యేవే. పాక స్థలానికి పట్టా లేదు. వేట ఉన్న రోజుల్లో తెల్లారి పాటలో చేప కొంటుంది, ఐసు, నూనె, గ్యాసు తన ఖర్చే. ఆదివారం జనం వస్తారు. వాళ్లు రెండు రకాలు అంటుంది. ఒక రకం, ముక్క వంద రూపాయలంటే యాభైకి అడుగుతారు, వాళ్లు దిగిన గదికి మాత్రం చెప్పినంత కడతారు. రెండో రకం, జాలిపడి చిల్లర వదిలేసి పోతారు, మళ్లీ రారు. "మా అవ్వతో మీ నానమ్మ కొట్లాడేదంట గదా బాబాయ్" అని నవ్వింది. "వీళ్లు కొట్లాడనైనా కొట్లాడరు. అడిగి, ముక్కు చిట్లించి పోతారు."

పల్లెపాలేలను ఆదుకోవాలని ఇప్పుడు చాలామంది మంచి మనసుతో అంటున్నారు. ఆదుకోవడానికి తుపాను, సునామీ వంటి రోజులు వేరే ఉన్నాయి. మామూలు రోజుల్లో వాళ్లకు కావలసింది జాలి కాదు, గిరాకీ. అదీ ఒక్కరోజుది కాకుండా ఏడాది పొడవునా ఉండేది. కార్తీకంలో, మాఘంలో పోతే వేట ఉంటుంది, ఎండ ఉండదు. గది తీసుకున్నా కనీసం ఒక పూట పాలెంలో తినవచ్చు. చేప ఒడ్డు మీద ఆడవాళ్ల దగ్గర కొంటే మధ్యలో రెండు చేతులు తగ్గుతాయి. ఎండుచేప ఏడాదికి సరిపడా తీసుకుంటే నిషేధం నెలల్లో వాళ్లింట్లో ఆ డబ్బు ఉంటుంది. ఎండబెట్టి నిలవ చేయడమే ఆ ఇళ్లలో తరాలుగా ఉన్న బ్యాంకు. చీరాలలో ఆగితే జాండ్రపేట మగ్గాల మీద నేసిన చీర ఒకటి తీసుకోవచ్చు. నీళ్లలో ఎక్కడ దిగాలో ముందు పాలెంవాళ్లను అడగాలి. అడిగి చెప్పించుకున్నాక వాళ్ల పాకలో టీ అయినా తాగాలి. ఇవేవీ త్యాగాలు కావు. మోటుపల్లి శాసనం చెప్పింది రాజు ఒడ్డుకొచ్చినవాడి దగ్గర తనకు రావలసిందే తీసుకోవాలని. దాన్ని తిరగేస్తే మనకు వర్తిస్తుంది. ఒడ్డుకు పోయినవాడు అక్కడివాళ్లకు ఇవ్వవలసింది ఇచ్చి రావాలి.

అలివి వల రోజులు తిరిగొస్తాయని నేననుకోను. రావాలని కోరుకోవడం కూడా సరి కాదేమో. అరవైమంది తాడు లాగిన రోజుల్లో ఆ అరవైమందికీ ఇంకో దారి లేదు. మా కల్లాల్లో కాయ ఏరిన ఆడవాళ్లకూ లేదు. పోయినవాటిలో పోవలసినవి ఉన్నాయి. కానీ ఒక ఊరికి ఇంకో ఊళ్లో పడుకునే అరుగు ఉండటం, ఏడాదికోసారి లెక్క చూసుకోవడం, చెడ్డ ఏడు వస్తే లెక్క పక్కన పెట్టడం, ఇవి పోవలసినవి కావు. వీటికి తెప్ప అక్కర్లేదు, మిరపచేను అక్కర్లేదు.

వచ్చేటప్పుడు అవ్వ మనవరాలు అడిగింది, "మీ ఊళ్లో బిల్డింగులు కడుతున్నారంట గదా. మావాడు కరెంటు పని నేర్చాడు. ఏమన్నా దొరుకుద్దా?" రమ్మన్నాను. ఇప్పుడు ఆ అబ్బాయి మా మేడ మీది గదిలో ఉండి రోజూ సైటుకు పోతున్నాడు. అద్దె దగ్గర మా ఆవిడకూ అతని తల్లికీ ఫోన్లో అరగంట బేరం జరిగింది. నేను కలగజేసుకుని ఎంతోకొంత ఇవ్వనీలే అంటే ఇద్దరూ ఒకేసారి నన్ను ఊరుకోమన్నారు. అడ్వాన్సు లేకుండా, ఆమె అడిగినదానికి మూడు వందలు ఎక్కువగా, మా ఆవిడ చెప్పినదానికి ఐదు వందలు తక్కువగా తెగింది. దాని మీద నెలకు కిలో రొయ్యపొట్టు. నెత్తళ్లు కూడా కలపాలని మా ఆవిడ పట్టు. కుదరదని ఆమె. ఆ సంగతి ఇంకా తేలలేదు.